1.95 కోట్ల పౌండ్లకు ఎన్ని పాయింట్లు? ఎవర్టన్ కేస్ స్టడీ

2023 నవంబరు 17, శుక్రవారం. దేశాల జట్ల మ్యాచ్‌ల కోసం ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కి విరామం నడుస్తోంది. పన్నెండు మ్యాచ్‌లు ఆడిన లివర్‌పూల్ నగరపు క్లబ్ ఎవర్టన్ 14 పాయింట్లతో పట్టికలో పద్నాలుగో స్థానంలో ఉంది. ఆ రోజు ఒక స్వతంత్ర కమిషన్ నిర్ణయం వెలువడింది. నష్టాల పరిమితి దాటినందుకు 10 పాయింట్లు కోత. 14 కాస్తా 4 అయ్యాయి, జట్టు పంతొమ్మిదో స్థానానికి, అంటే కింది డివిజన్‌కి దిగిపోయే చోటికి జారింది. ప్రీమియర్ లీగ్ చరిత్రలో ఒక క్లబ్‌కి అప్పటిదాకా పడిన కోతల్లో ఇదే పెద్దది.

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. కంపెనీల ఆడిట్లు చేయడం, బ్యాంకులు పెట్టిన షరతులు అవి పాటిస్తున్నాయా లేదా చూడటం నా రోజువారీ పని. ఫుట్‌బాల్ మీద ఇష్టం చిన్నప్పటి నుంచీ ఉంది. మా ఆఫీసులో ఆర్టికల్స్ చేసే పిల్లలకి ఏటా ఈ ఎవర్టన్ కేసుని పాఠంలా చెబుతుంటాను. ఒక నిబంధనని అమలు చేయాలంటే ఏమేం కావాలో, అందులో ఒక్కటి లేకపోయినా ఏం జరుగుతుందో ఇంత విడమరచి చూపించే కేసు నాకు ఇంకొకటి దొరకలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవర్టన్ గీత దాటింది, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే గీత ఎక్కడుందో పౌండ్లతో సహా రాసిపెట్టిన లీగ్, దాటితే ఎన్ని పాయింట్లు పోతాయో ఎక్కడా రాయలేదు. పైగా లెక్క తేలేసరికి సీజన్లు గడిచిపోయాయి. ఈ రెండు లోపాలే ఒక ఖాతాల తగాదాని ఊరంతా బాధపడే గొడవగా మార్చాయి.

గీత ఎక్కడుంది

ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2013లో తామే ఓటేసి ఖర్చులకి ఒక పరిమితి తెచ్చుకున్నాయి. దాన్నే ప్రాఫిటబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రూల్స్ అంటారు, పొట్టిగా పీఎస్ఆర్. 2025-26 సీజన్ దాకా వర్తించే ఈ నిబంధనల ప్రకారం మూడు సీజన్లు కలిపి ఒక క్లబ్ గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్లు నష్టపోవచ్చు. అందులో 1.5 కోట్లకి మించిన నష్టాన్ని యజమాని తన సొంత డబ్బుతో పూడుస్తానని గట్టి హామీ ఇవ్వాలి. కింది డివిజన్‌లో గడిపిన ఏళ్లుంటే పరిమితి బాగా తగ్గుతుంది.

ఇది ఎందుకు అవసరమో అడిగితే నేను రెండు పేర్లు చెబుతాను. 2010లో దివాలా ప్రక్రియలోకి వెళ్లి 9 పాయింట్లు పోగొట్టుకున్న పోర్ట్స్‌మత్ ఒకటి. రెండోది బరీ. 1894 నుంచి ఫుట్‌బాల్ లీగ్‌లో ఉన్న ఆ చిన్న క్లబ్‌ని 2019 ఆగస్టులో డబ్బు లేదన్న కారణంతో లీగ్ నుంచి తీసేశారు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2022 మార్చిలో గోవాలో పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో జట్టు అట్టడుగున ముగించింది. గచ్చిబౌలి స్టేడియంలో అరిచిన వాళ్లకి క్లబ్ లెక్కల పుస్తకం ఎంత ముఖ్యమో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

పీఎస్ఆర్ నష్టమూ ఆడిట్ నివేదికలో కనిపించే నష్టమూ ఒకటి కావు. అకాడమీ మీద, మహిళల జట్టు మీద, స్థానిక సేవా కార్యక్రమాల మీద పెట్టిన ఖర్చునీ స్టేడియం తరుగుదలనీ లెక్కలోంచి తీసేస్తారు. అవి క్లబ్‌కి మంచి చేసే ఖర్చులు కాబట్టి వాటికి శిక్ష ఉండకూడదన్న ఆలోచన. నాకు ఈ నిబంధనలో బాగా నచ్చే భాగం ఇదే.

ఇంకొక్క ముక్క అర్థమైతే మిగతా కథంతా అర్థమవుతుంది. ఒక ఆటగాణ్ణి 5 కోట్ల పౌండ్లకి కొని అయిదేళ్ల కాంట్రాక్టు రాయించుకున్నారనుకోండి. ఆ 5 కోట్లు మొదటి ఏడాదే ఖర్చుగా పడవు, ఏడాదికి కోటి చొప్పున పంచుతారు. మా అకౌంటెంట్ల భాషలో దీన్ని అమోర్టైజేషన్ అంటారు. రెండేళ్ల తర్వాత అతని పుస్తక విలువ 3 కోట్లు. అప్పుడు 4 కోట్లకి అమ్మితే, కొన్నదానికంటే తక్కువకే అమ్మినా, ఖాతాలో కోటి లాభం కనిపిస్తుంది. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికైతే పుస్తక విలువే లేదు, అమ్మిన ప్రతి పౌండూ లాభమే. ఖర్చు నిదానంగా వస్తుంది, లాభం ఒక్కసారిగా వస్తుంది. అందుకే లెక్కలు గట్టెక్కాల్సిన క్లబ్ ముందుగా సొంతింటి పిల్లల్ని అమ్ముతుంది. అభిమానులు ఎక్కువగా ప్రేమించేదీ వాళ్లనే. నిబంధన పెట్టినవాళ్లు కోరుకోని ఫలితం ఇది, దీని గురించి ఎంత మాట్లాడినా తక్కువే.

ఎవర్టన్ లెక్క

2016లో ఫర్హాద్ మొషిరి క్లబ్‌లో వాటా కొన్నాక ఎవర్టన్ ఆటగాళ్ల మీద ధారాళంగా డబ్బు పెట్టింది. కోచ్‌లు వచ్చారు, పోయారు. ఒక్కొక్కరికి ఒక్కో ఆట కావాలి, ఆ ఆటకి తగ్గ మనుషులు కావాలి. పాత కోచ్ తెచ్చిన వాళ్లు కొత్త కోచ్‌కి పనికిరారు, వాళ్ల జీతాలు చూసి బయట కొనేవాళ్లూ ఉండరు.

క్లబ్ ప్రకటించిన వార్షిక నష్టాలు ఇవి. 2018-19లో 11.18 కోట్ల పౌండ్లు. 2019-20లో 13.99 కోట్లు. 2020-21లో 12.09 కోట్లు. 2021-22లో 4.47 కోట్లు. నాలుగేళ్లకి 41 కోట్లు దాటింది. కోవిడ్ వల్ల మధ్య రెండేళ్లనీ కలిపి సగటు తీసి ఒక్క ఏడాదిగా చూడాలని లీగ్ నిర్ణయించింది. ఆ సగటు 13.04 కోట్లు. అటు 11.18, ఇటు 4.47 కలిపితే సుమారు 28.69 కోట్లు. ఇందులోంచి అకాడమీ, స్టేడియం లాంటి మినహాయింపులు, కోవిడ్ నష్టాలు తీసేయాలి. అన్నీ తీసేశాక కమిషన్ తేల్చిన సంఖ్య 12.45 కోట్లు. పరిమితి కంటే 1.95 కోట్ల పౌండ్లు ఎక్కువ, అప్పటి మారకం ప్రకారం దాదాపు 200 కోట్ల రూపాయలు.

మా పిల్లల చేత ఈ కూడికలు చేయిస్తాను. 28 కోట్ల పైచిలుకు నుంచి 12 కోట్లకి దిగిరావడంలో 16 కోట్లకి పైగా మినహాయింపులే ఉన్నాయని చూసి ఆశ్చర్యపోతారు. అంటే అసలు పోరాటం నష్టం మీద జరగదు, మినహాయింపుల మీద జరుగుతుంది. క్లబ్ కూడా చివరికి పరిమితి దాటినట్టు ఒప్పుకుంది. ఎంత దాటింది, ఎందుకు దాటింది అన్న రెండిటి మీదే వాదన మిగిలింది.

ఎందుకు దాటింది అన్నదానికి కమిషన్ ఇచ్చిన జవాబు నాకు సబబుగా అనిపించింది. లీగ్ హెచ్చరిస్తున్నా క్లబ్ కొనుగోళ్లు ఆపలేదు. 2021-22లో ఆరో స్థానంలో ముగిస్తామన్న అంచనాతో బడ్జెట్ వేసుకుంది. ముగించింది పదహారో స్థానంలో. ఆ ఒక్క తేడాకే దాదాపు 2.1 కోట్ల పౌండ్ల ఆదాయం తగ్గింది, అంటే పరిమితి దాటిన మొత్తం కంటే ఎక్కువ. పంట బాగా పండుతుందని ముందే ఇల్లు కట్టడం మొదలెట్టిన రైతు పరిస్థితి ఇది. ఆశపడటం తప్పు కాదు, ఆ ఆశనే ఆదాయంగా రాసుకోవడం తప్పు.

వడ్డీ ఎవరి ఖాతాలో పడాలి

ఈ కేసులో నన్ను కట్టిపడేసింది స్టేడియం వడ్డీ. దీని గురించి చెప్పాలంటే ఒక రైస్ మిల్లు సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట గోదావరి జిల్లాల్లో ఒక మిల్లు ఆడిట్‌కి వెళ్లాను. యజమాని పెద్దాయన, పద్ధతైన మనిషి. ఆ ఏడాది కొత్త గోడౌను కడుతున్నారు. ధాన్యం కొనడానికి బ్యాంకులో తీసుకున్న సీసీ లోను మీద పడిన వడ్డీ మొత్తాన్ని గోడౌను ఖర్చులో కలపమన్నారు. అలా కలిపితే ఆ ఏడాది నష్టం తగ్గుతుంది, ఆస్తి పెరుగుతుంది.

"ఆడిటర్ గారూ, ఒక్కమాట వినండి. నా సొంత డబ్బంతా గోడౌనుకి పెట్టేశాను. అది అటు పోబట్టే కదండీ ధాన్యానికి అప్పు చేయాల్సి వచ్చింది? గోడౌను మొదలెట్టకపోతే ఈ వడ్డీ పడేదా?"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నేను లోను మంజూరు పత్రం తెప్పించి ఆయన ముందే తెరిచాను. ఉద్దేశం అన్నచోట ధాన్యం కొనుగోలు, నిల్వ అని ఉంది. గోడౌను ఊసే లేదు. "మీరు చెప్పేది అర్థమవుతోందండీ. కానీ ఈ కాగితం మీద మీ సంతకం ఉంది. దీని ప్రకారం వడ్డీ ధాన్యానిదే," అన్నాను. ఆయన కళ్లజోడు తీసి ఆ లైను రెండుసార్లు చదివారు. కాసేపటికి "సరే రాయండి" అన్నారు.

ఎవర్టన్ వాదన అచ్చం ఇదే. లివర్‌పూల్‌లోని బ్రామ్లీ-మూర్ డాక్ దగ్గర కొత్త స్టేడియం కోసం మొషిరి వడ్డీ లేకుండా డబ్బు ఇచ్చారు. రోజువారీ అవసరాలకి క్లబ్ బయట వడ్డీకి అప్పులు చేసింది. స్టేడియం లేకపోతే యజమాని డబ్బు రోజువారీ ఖర్చులకి వచ్చేది, వడ్డీ పడేది కాదు, కాబట్టి ఆ వడ్డీ స్టేడియం ఖర్చే అన్నది క్లబ్ మాట. కమిషన్ అప్పు పత్రాలు చూసింది. ఆ డబ్బు స్టేడియానికని వాటిలో లేదు. వాదన నిలబడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్టేడియానికి ప్లానింగ్ అనుమతి 2021లో వచ్చింది. అనుమతి రాకముందు పెట్టిన ఖర్చుని ఆస్తిగా రాసుకోలేరు, కట్టడమే ఖాయం కానప్పుడు దాన్ని ఆస్తి అనలేం కదా. అది ఆ ఏడాది ఖర్చుగానే పోతుంది. కొత్త ఇల్లు కట్టుకుంటున్న కుటుంబం మీద నాకుండే సానుభూతే ఈ విషయంలో ఎవర్టన్ మీదా ఉంది. అప్పటి సొంత మైదానం గుడిసన్ పార్క్ 1892 నాటిది, క్లబ్‌కి కొత్త స్టేడియం అవసరమైంది. అయినా కాగితం ఏం చెబితే లెక్క అదే చెప్పాలి. ఇక్కడ కమిషన్ తీర్పులో నాకు తప్పు కనిపించలేదు.

మిగిలిన మినహాయింపు వాదనల్ని త్వరగా ముగిస్తాను. యుక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా సంపన్నుడు అలిషర్ ఉస్మానోవ్ మీద ఆంక్షలు వచ్చాయి, ఆయన కంపెనీలతో ఉన్న స్పాన్సర్ ఒప్పందాలు 2022 మార్చిలో ఆగిపోయాయి. కొత్త స్టేడియం పేరు హక్కుల మీద పెట్టుకున్న ఆశా పోయింది. కమిషన్ దీన్ని శిక్ష తగ్గించే కారణంగా తీసుకోలేదు, వ్యాపారంలో ఉండే నష్టభయంలో ఇదీ ఒకటని భావించింది. నేనైతే కొంచెం విలువ ఇచ్చేవాణ్ణి.

పది ఎలా వచ్చింది

తప్పు తేలింది. ఇక శిక్ష. ఎవర్టన్ జరిమానా చాలంది. ఆటలో లాభం తెచ్చుకున్నదానికి ఆటలోనే నష్టం ఉండాలని కమిషన్ అంది. సంపన్న యజమాని ఉన్న క్లబ్‌కి జరిమానా పెద్ద లెక్క కాదు. ఈ మాట నిజం.

మరి ఎన్ని పాయింట్లు? లీగ్ తన వాదనలో ఒక సూత్రం ఇచ్చింది. దాటిన ప్రతి క్లబ్‌కీ ముందు 6 పాయింట్లు, ఆపైన దాటిన ప్రతి 50 లక్షల పౌండ్లకీ ఒక పాయింటు. 1.95 కోట్లకి దాదాపు 4. మొత్తం 10. ఈ సూత్రం నిబంధనల పుస్తకంలో లేదు కాబట్టి తాము దానికి కట్టుబడబోమని కమిషన్ స్పష్టంగా చెప్పింది. అన్నీ తూచి చివరికి ఇచ్చింది కూడా 10.

నేను ఎన్నిసార్లు చదివినా ఆగిపోయేది ఇక్కడే. సూత్రాన్ని కాదన్నప్పుడు పది ఎందుకో, ఎనిమిదో పన్నెండో ఎందుకు కాదో చదివేవాడికి కనపడాలి. అది కనపడలేదు. కమిషన్ ఎంత నిజాయితీగా వ్యవహరించినా, సంఖ్య వెనక మెట్లు లేకపోతే ఎవరూ నమ్మరు. ఆడిట్‌లో మేం కుర్రాళ్లకి మొదటి వారమే నేర్పేది ఇదే, ప్రతి అంకె కింద వర్కింగ్స్ ఉండాలి.

నవంబరు 26న మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్ రోజు గుడిసన్ పార్క్ గ్యాలరీలు గులాబీ రంగు అట్టలతో నిండిపోయాయి. వాటి మీద లీగ్ సింహం బొమ్మ, 'కరప్ట్' అన్న మాట. అవినీతి జరిగిందని నేననుకోను. కానీ టికెట్టు కొని, సీజన్ పాసు కొని, చలిలో నిలబడి పాటలు పాడే మనిషికి ఒక అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేనప్పుడు అతనికి మిగిలే మాట అదే. లెక్కలు రాసింది అతను కాదు, అప్పులు చేసిందీ అతను కాదు.

అప్పీలు జనవరి చివర మొదలై మూడు రోజులు నడిచింది. ఎవర్టన్ తొమ్మిది అభ్యంతరాలు పెట్టింది. తొమ్మిదీ శిక్ష మీదే, తప్పు జరగలేదని ఒక్కటీ అనలేదు. 2024 ఫిబ్రవరి 26న సర్ గ్యారీ హికిన్‌బాటమ్ అధ్యక్షతన ఉన్న అప్పీలు బోర్డు వాటిలో రెండిటిని ఒప్పుకుంది. స్టేడియం అప్పుల సమాచారం విషయంలో క్లబ్ నిష్కపటంగా వ్యవహరించలేదని కమిషన్ తప్పుపట్టడం చట్టపరంగా పొరపాటు. ఇక రెండోది నా దృష్టిలో అసలు విషయం. ఇలాంటి తప్పులకి వేరేచోట ఎంత శిక్ష ఉందో కమిషన్ చూడాల్సింది, చూడలేదు.

వేరేచోట అంటే ఇంగ్లండ్‌లోనే, ఒక్క మెట్టు కింద. కింది డివిజన్లని నడిపే ఈఎఫ్ఎల్‌లో ఎంత దాటితే ఎన్ని పాయింట్లో మార్గదర్శకాలుగా రాసి ఉంది. 2019లో బర్మింగ్‌హామ్ సిటీకి 9 పాయింట్లు పోయాయి. ప్రీమియర్ లీగ్‌లోనే దివాలా ప్రక్రియలోకి వెళ్లిన క్లబ్‌కి శిక్ష 9 అని రాసి ఉంది. అప్పులవాళ్లకి, ఉద్యోగులకి డబ్బు ఎగ్గొట్టే పరిస్థితికి చేరిన క్లబ్‌కి 9 అయితే, జీతాలన్నీ సక్రమంగా ఇస్తూ నష్టం గీత దాటిన క్లబ్‌కి 10 ఎలా అవుతుంది? బోర్డు కోతని 6కి తగ్గించింది. ఆ తీర్పుని నేను చాలా గౌరవిస్తాను. తప్పుని తక్కువ చేయకుండానే శిక్షకి ఒక కొలత తెచ్చింది.

ఏ సీజన్ తప్పు, ఏ సీజన్ శిక్ష

తగ్గించినా ఒక గాయం మానలేదు. గీత దాటింది 2021-22తో ముగిసిన కాలంలో. ఆ సీజన్‌లో ఎవర్టన్ 39 పాయింట్లతో బతికి బయటపడింది, బర్న్‌లీ 35తో కింది డివిజన్‌కి దిగిపోయింది. ఆ ఏడాదే 6 పాయింట్లు పోయి ఉంటే ఎవర్టన్‌వి 33. దిగిపోయేది ఎవరో మీరే చూడండి. శిక్ష మాత్రం 2023-24లో పడింది, అదీ వేరే ఆటగాళ్ల మీద, వేరే కోచ్ మీద. ఆ కోచ్ షాన్ డైచ్. 2022 ఏప్రిల్ దాకా బర్న్‌లీకి కోచ్‌గా ఉన్నది ఆయనే. ఎవరి సీజన్ ఎవరి మెడకి చుట్టుకుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ ఉండదు.

లీగ్ ఈ లోపాన్ని గుర్తించి గడువులు ముందుకి జరిపింది. లెక్కలు డిసెంబరు 31లోపు ఇవ్వాలి, కేసు అదే సీజన్‌లో తేలాలి. మంచి మార్పే. దాని ఫలితంగా 2024 జనవరిలో ఎవర్టన్ మీద ఇంకో కేసు పడింది, 2022-23తో ముగిసిన మూడేళ్లకి. ఈసారి 1.66 కోట్ల పౌండ్లు దాటింది. మూడేళ్ల లెక్కలో రెండేళ్లు మొదటి కేసులో ఉన్నవే. ఒకే తప్పుకి రెండుసార్లు శిక్షించకూడదు కాబట్టి, క్లబ్ తప్పు ముందే ఒప్పుకుంది కూడా కాబట్టి, 5 నుంచి మొదలుపెట్టి 2కి దింపారు. మూడేళ్లని కలిపి చూస్తూ ప్రతి ఏడాదీ శిక్షిస్తే వచ్చే చిక్కు ఇది. బ్యాంకు షరతుల్లోనూ మాకిది ఎదురవుతుంది, ఒక చెడ్డ ఏడాది మూడేళ్లు వెంటాడుతుంది.

ఆ సీజన్ చివరికి ఎవర్టన్ మైదానంలో 48 పాయింట్లు గెలిచింది, 8 పోగా 40తో పదిహేనో స్థానంలో నిలిచింది. దిగిపోలేదు.

అదే జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద కూడా కేసు పడింది. మూడేళ్లలో రెండేళ్లు కింది డివిజన్‌లో ఉన్నందున దాని పరిమితి 6.1 కోట్లే. 3.45 కోట్లు దాటింది. దాని వాదన వింటే మన మార్చి 31 గుర్తొస్తుంది. ఖాతాల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది, ఆటగాళ్లని అమ్ముకునే గడువు సెప్టెంబరు 1. అకాడమీలో పెరిగిన బ్రెన్నన్ జాన్సన్‌ని జూన్‌లోపు అమ్మితే తక్కువ వచ్చేది. ఆగి సెప్టెంబరు 1న టోటెన్‌హామ్‌కి 4.75 కోట్లకి అమ్మింది. ఎక్కువ డబ్బు తెచ్చుకోవడమే క్లబ్ ఆరోగ్యానికి మంచిది కదా అంది. ఇయర్ ఎండింగ్ దాటాక వచ్చిన చెక్కుని పాత ఏడాదిలో వేయమని అడిగే క్లయింట్లు నాకూ ఉన్నారు. తేదీ తేదీయే. ఫారెస్ట్‌కి 6తో మొదలై, సహకరించినందుకు 2 తగ్గి, 4 పడ్డాయి. మే 7న అప్పీలు కొట్టేశారు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఎవర్టన్ అప్పీలు తీర్పు తర్వాత వచ్చిన ఈ రెండు నిర్ణయాల్లోనూ మెట్లు కనపడుతున్నాయి. ఎంతతో మొదలుపెట్టారు, ఎందుకు తగ్గించారు, చివరికి ఎంత. గులాబీ అట్టల స్థాయి ఆగ్రహం మళ్లీ రాకపోవడానికి అదీ ఒక కారణమని నేననుకుంటాను.

లెస్టర్ సిటీ కేసు ఇంకో పాఠం. 2.44 కోట్లు దాటింది, అంటే ఎవర్టన్ కంటే ఎక్కువ. కానీ ఆ క్లబ్ 2023లో కింది డివిజన్‌కి దిగింది. ఖాతాలు జూన్ 30న ముగిసే నాటికి దాని ప్రీమియర్ లీగ్ వాటా చేతులు మారిపోయింది. నిబంధన రాసిన మాటల ప్రకారం ఆ తేదీన లెస్టర్ ఈ లీగ్ క్లబ్ కాదు. 2024 సెప్టెంబరులో అప్పీలు బోర్డు లెస్టర్ వైపు తీర్పిచ్చింది. ఒక్క వాక్యం సరిగా రాయకపోతే ఎంత పెద్ద చేపైనా వలలోంచి జారిపోతుంది.

ముందే ఆపే పద్ధతి

స్పెయిన్‌లో పద్ధతి వేరు. లా లిగా 2013 నుంచి ఆదాయాన్ని బట్టి ప్రతి క్లబ్‌కీ జట్టు ఖర్చు పరిమితి సీజన్‌కి ముందే చెబుతుంది. పరిమితి దాటేలా ఉంటే ఆటగాణ్ణి నమోదే చేయరు. 2021 ఆగస్టులో జీతం సగం తగ్గించుకోవడానికి సిద్ధపడ్డ మెస్సీని కూడా బార్సిలోనా నమోదు చేయలేకపోయింది. ఆయన కన్నీళ్లతో వెళ్లిపోవడం ప్రపంచమంతా చూసింది. బాధాకరమే. కానీ బాధ పడాల్సిన క్లబ్బే పడింది, పడాల్సిన సీజన్‌లోనే పడింది, ఇంకో బర్న్‌లీ నష్టపోలేదు. బ్యాంకులు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ అడిగి ఎంత వాడుకోవచ్చో అప్పటికప్పుడు చెప్పడం లాంటిది ఇది. ఏడాది చివర వచ్చి పట్టుకోవడం కంటే ఇది మేలని నా అనుభవం.

2025 నవంబరు 21న ప్రీమియర్ లీగ్ క్లబ్బులు పీఎస్ఆర్‌ని పక్కన పెట్టి, 2026-27 నుంచి కొత్త పద్ధతికి ఓటేశాయి. జట్టు మీద పెట్టే ఖర్చు ఫుట్‌బాల్ ఆదాయంలో 85 శాతం మించకూడదు. కొంత దాటితే డబ్బు కట్టాలి. పై గీత కూడా దాటితే 6 పాయింట్లు, ఆపైన ప్రతి 65 లక్షల పౌండ్లకీ ఒక పాయింటు. 2023లో ఎవర్టన్ కేసులో లీగ్ తన వాదనలో అడిగి, రాసి లేదన్న కారణంతో కమిషన్ పక్కన పెట్టిన సూత్రం లాంటిదే ఇది. ఈసారి పుస్తకంలో ఉంది.

మా ఆఫీసు ఫైల్లో ఈ కేసు చివరి పేజీగా ఆ సూత్రాన్ని చేర్చాను. దాని ముందు పేజీలో 2021-22 పట్టిక, బర్న్‌లీ 35 దగ్గర పెన్సిల్ గీతతో, అలాగే ఉంది.